పెంకు మీద పన్ను

నాను పాఠం సెప్పేదాన్ని కాను,
కాశీనగరం బళ్ళో బువ్వ వండేదాన్ని.
సోమారం దాల్మా, బుధారం గుడ్డు.
ఏ గుంట ఎంత తింటాదో నా గరిటికి తెలుసు.
ఏ గుంట ఎందుకు తినట్లేదో
అది మట్టుకు నానే కనుక్కోవాల.

లోకనాథం మూడో క్లాసు.
నాలుగు రోజులై నోరిప్పడు.
హాజరు పిలిస్తే సెయ్యెత్తుతాడు, అంతే.
మాస్టారు ఒడియాలో అడిగినా
నాను తెలుగులో అడిగినా
పెదాలు బిగించీడమే జవాబు.
కంచం ముందర కూకుని
ములక్కాడ ముక్కలు వరస పెడతాడు
రైలు పెట్టెల్లాగ.

రైలంటే గేపకం వొచ్చినాది.
గుణుపురం బండెక్కి ఆళ్ళక్క దమయంతి
పర్లా హాస్టలుకి ఎల్లిపోనాది మొన్న.
ఆరో క్లాసు అక్కడేనట.
ఇద్దరికీ ఒకటే గొడుగు, ఒకటే దువ్వెన,
ఆ దువ్వెన కోసమే పొద్దున్నే కొట్లాట.
ఇప్పుడు దువ్వెన ఈడిదే.
దువ్వుకోడు.

పాక యెనక్కి తీసుకెల్లి
"ఏట్రా?" అన్నాను.
సొక్కా జేబులోంచి కాయితం పొట్లం తీసినాడు.
విప్పితే పాలపన్ను,
బియ్యంలో నూకంత.
"పెంకుల మీదికి యిసిరితే కొత్తది వొస్తాదని
అక్క సెప్పినాది మావుసీ.
బడికి పెంకుల్లేవు కదా."

నిజమే.
కిందటేడు ఎండాకాలం సెలవుల్లో
పెంకులన్నీ దింపీసి శ్లాబు ఏసీసినారు.
ఆళ్ళింటి మీదన్నా ఉన్నాయా అంటే, అక్కడ రేకు.
రేకు మీదికి యిసిరి సూసినాడంట.
టకటకా దొర్లి కిందకొచ్చీసినాదంట.
"నన్నొద్దనీసినాది" అన్నాడు.

నవ్వొచ్చినాది. నవ్వలేదు.
పెద్దోళ్ళం ఊరికే మార్చీస్తాం,
కప్పు, బడి, పక్కన పడుకునే మనిషి,
గుంటలకి ముందరగా ఒక్క మాట సెప్పం.
ఆల నాలుక మట్టుకు
కాళీ అయిన సోటుకే ఎల్తాది,
ఎన్నిసార్లు ఒద్దన్నా.

నా వంటపాక మీద ఇంకా పెంకులున్నాయి.
బడివే. పారేత్తంటే ఏరుకున్నాను.
సూపించినాను.
సేపు సూసినాడు, మసి పట్టిన పెంకుల్ని,
సిన్నప్పటి మనిషిని సూసినట్టు.

"పన్ను ఎక్కడికెల్తాది?"
తెలీదన్నాను.
ఎలక పట్టుకెల్తాదని సెప్పొచ్చు, సెప్పలేదు.
"మరి అక్క కూడా..." అని ఆగిపోనాడు.
"అక్క పన్ను కాదురా. ఊడిపోలేదు.
రొజొ పండక్కి వొస్తాది,
నీకన్నా ముందే ఉయ్యాలెక్కీస్తాది, సూడు."
"పొడుగైపోతాదా?"
"అయిపోతాది. ఒడియా బేగి బేగి మాటాడతాది.
నీ మీద కోపమొస్తే మట్టుకు
తెలుగులోనే తిడతాది."

నా నోరు తెరిచి సూపించినాను,
ఎడమేపు రెండు లేవు.
"ఇవి రావు. నీది వొస్తాది.
ముందర రంపంలాగ గరుగ్గా వొస్తాది.
కొన్నాళ్ళు నీ నోరే నీకు కొత్తగుంటాది.
బయపడకు."

యిసిరినాడు.
సిన్న సప్పుడు.
ఇద్దరం మెడలెత్తి నిలబడినాం.
కిందకి రాలేదు.

ఆయేల దాల్మా రెండుసార్లు ఏయించుకున్నాడు.
మూడోసారి గరిటెత్తితే
"తాలు మావుతీ" అన్నాడు
పంటి సందులోంచి గాలి పోగా.
వరసంతా నవ్వినాది. ఆడూ నవ్వినాడు,
సందు దాసుకోకుండా.

ఈ సెలవుల్లో నా పాక్కీ శ్లాబేనంట,
గ్యాసు పొయ్యంట.
మంచిదే. పొగకి నా కళ్ళు పోతన్నాయి.
బియ్యం డ్రమ్ము యెనక మట్టుకు
పెంకొకటి పెట్టుంచినాను, ఎవరికీ సెప్పలేదు.
ఒకటో క్లాసులో పదారుమంది గుంటలు సేరినారు.
ఇంకా ఒక్కరికీ ఊడలేదు.